ఆర్కెస్ట్రా ఆడిషన్‌కు ఏ మనసుతో వెళ్లాలి?

ప్రశ్న: నా వయసు 27. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంటున్నాను. చిన్నప్పుడు విజయవాడలో అమ్మమ్మ దగ్గర ఉండి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఇక్కడికి వచ్చాక పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోకి మారి మాస్టర్స్ పూర్తిచేశాను. మూడేళ్లుగా సింఫనీ ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ ఉద్యోగాలకు ఆడిషన్లు ఇస్తున్నాను. ఒక్కసారి తప్ప మొదటి రౌండు దాటలేదు. ఒక్క తప్పు కూడా రాకుండా వాయించాలనే పట్టుదలతోనే ప్రతిసారీ వెళ్తున్నాను, కానీ ఇంట్లో హాయిగా పలికే భాగాలే అక్కడ చేతికి రావు. మెల్లని ధ్వనితో వాయించవలసిన చోట కమాను వణుకుతుంది. నా స్నేహితుల్లో కొందరు ఆడిషన్ రోజున మాత్రలు వేసుకుంటారు, నేనూ వేసుకోవచ్చునా? ఉద్యోగం ఎవరికివ్వాలో ముందే నిర్ణయించుకుంటారని, మన పేర్లు చూసి పక్కన పెడతారని కూడా వింటున్నాను. నాన్నగారు ప్రతిసారీ ఫోన్ చేసి "ఎన్నో స్థానం వచ్చిందమ్మా?" అని అడుగుతారు, ఏం చెప్పాలో తెలియదు. ఇంకా ఎన్నాళ్లు ప్రయత్నించాలి?

సమాధానం: మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిన చోటు కమాను వణుకు గురించి రాసిన వాక్యం కాదు, ఒక్క తప్పు కూడా రాకూడదనే పట్టుదలతో వెళ్తున్నానన్న వాక్యం. మీ ఇబ్బందిలో చాలా భాగం ఆ పట్టుదలలోనే ఉందని నాకనిపిస్తోంది. ఆంధ్ర, తెలంగాణ ఇళ్లలో పెరిగిన వాళ్లకు పోటీ అనగానే ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) గుర్తుకొస్తుంది. అందులో సీట్లెన్నో ముందే తెలుసు, ప్రతి జవాబుకూ మార్కు ఉంటుంది, తప్పులు తగ్గినకొద్దీ ర్యాంకు మెరుగవుతుంది, ఆ ర్యాంకును బట్టి ఏదో ఒక కాలేజీ దొరుకుతుంది. ఆర్కెస్ట్రా ఆడిషన్‌లో వీటిలో ఏదీ ఉండదు. ఉన్న కుర్చీ సాధారణంగా ఒకటే. పెద్ద ఆర్కెస్ట్రా అయితే ఆ ఒక్క కుర్చీకి వందమందికి పైగా రావడం మామూలే. రెండో స్థానానికి విలువ తక్కువ, పదో స్థానం అనేది లేనే లేదు. వచ్చినవాళ్లలో ఎవరూ సరిపోలేదనిపిస్తే కమిటీ ఎవరినీ తీసుకోకుండానే ఆ రోజు ముగించి, కొన్ని నెలల తర్వాత మళ్లీ ప్రకటన ఇవ్వడం కూడా జరుగుతూ ఉంటుంది. కాబట్టి నాన్నగారు అడిగే ప్రశ్నకు నిజమైన జవాబు, అక్కడ స్థానాలు ప్రకటించరనే. ఆ మాట ఆయనకు ఒకసారి నిదానంగా చెప్పండి. మీకు మీరు కూడా చెప్పుకోండి.

నేను ఒక మధ్యస్థాయి ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ల వరుసలో చాలాకాలం పనిచేశాను, తెరకు అవతలివైపు కమిటీలోనూ కూర్చున్నాను. అభ్యర్థులు ఊహించుకునే కమిటీకీ, నేను చూసిన కమిటీకీ పోలిక తక్కువ. హాలు మధ్యలో తెర కట్టి ఉంటుంది. తలుపు దగ్గర నుంచి స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండు వరకు తివాచీ పరుస్తారు, చెప్పుల చప్పుడును బట్టి ఆడో మగో పోల్చుకోకూడదని. అభ్యర్థికి పేరు ఉండదు, నంబరు ఉంటుంది. ఏదైనా అడగాలంటే పక్కన నిలబడిన సిబ్బంది చెవిలో చెప్పాలి, వాళ్లు బయటికి అడుగుతారు. తెరకు ఇవతల పదిమంది దాకా ఆర్కెస్ట్రా సభ్యులు పెన్సిళ్లతో, కాఫీ కప్పులతో, పొద్దున్నుంచి విన్న ఒకే పాఠాన్ని ఇంకోసారి వినడానికి సిద్ధపడుతూ కూర్చుంటారు. వాళ్లలో ఎవరికీ మిమ్మల్ని పడగొట్టాలన్న కోరిక లేదు. ఈ వచ్చే మనిషే మనకు కావలసిన మనిషి అయితే బాగుండు, త్వరగా తేలిపోతుంది అన్న ఆశే వాళ్లలో ఎక్కువ. ఈ ఆశ దయతో పుట్టింది కాదు. ఖాళీ కుర్చీ ఉన్న వరుసలో రోజూ కూర్చుని వాయించేది వాళ్లే కదా.

వాళ్లు వినేది ఏమిటో తెలిస్తే, ఏ మనసుతో వెళ్లాలనే ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. ఒక స్వరం జారితే క్షమిస్తారు. చక్కగా సాగుతున్న వాయింపులో ఒక వేలు పక్కకు పడినా పెద్దగా పట్టించుకోరు. క్షమించనివి వేరే ఉన్నాయి: నడక (వాయించే వేగం) నిలకడగా లేకపోవడం, లయను తప్పు చదవడం, శ్రుతి పదేపదే ఒకే వైపుకు జరగడం, కాగితం మీద మెల్లగా వాయించమని రాసి ఉన్నచోట గట్టిగా వాయించడం. తప్పు రాకూడదన్న భయంతో వాయించే మనిషి సరిగ్గా ఈ క్షమించని వాటిలోనే పడతాడు. కష్టమైన చోటు రాబోతోందని ముందే బిగుసుకుంటాడు, బిగుసుకున్నప్పుడు నడక పరిగెడుతుంది, పరిగెత్తినందువల్ల ఆ కష్టమైన చోటు ఇంకా కష్టమవుతుంది. ఇటువైపు కూర్చున్న వాళ్లకు స్వరాలన్నీ వినిపిస్తాయి, సంగీతం వినిపించదు. కాగితం మీద వాళ్లు రాసుకునే మాట "జాగ్రత్తగా వాయించారు" అని ఉంటుంది. కమిటీల భాషలో అది మెచ్చుకోలు కాదు.

ఒకటి రెండు రచనలు తీసుకుని చెబితే స్పష్టంగా ఉంటుంది. మెండెల్సన్ 'ఎ మిడ్‌సమర్ నైట్స్ డ్రీమ్' సంగీతంలోని స్కెర్జో మీ ఆడిషన్ భాగాల జాబితాలో తప్పక ఉండి ఉంటుంది. అది వేగంగా, మెల్లని ధ్వనితో, కమాను తీగ మీద ఎగురుతూ వాయించవలసిన భాగం. ఆర్కెస్ట్రాలో దాన్ని మొదలుపెట్టేది వయొలిన్లు కాదు, వేణువులు, క్లారినెట్ల వంటి ఊదే వాద్యాలు. వాటికి జవాబుగా వయొలిన్లు ప్రవేశిస్తాయి. ఆడిషన్‌లో మీరు వాయించేది సాధారణంగా ఆ జవాబు దగ్గర నుంచే. చాలామంది స్టాండు ముందు నిలబడి, కమాను తీగ మీద పెట్టి, ధైర్యం కూడదీసుకుని దూకేస్తారు. అలా దూకిన మనిషి నడక మొదటి నాలుగు ఆవర్తాలకే తెలిసిపోతుంది. మీరు అక్కడ చేయవలసిన పని, ఆ ఊదే వాద్యాల చివరి రెండు సంగీత వాక్యాలను మనసులో అసలు వేగంతో విని, వాటి కొనసాగింపుగా ప్రవేశించడం. ఇందుకు పట్టే సమయం పది సెకన్ల లోపే. కమిటీ ఆ నిశ్శబ్దానికి విసుక్కోదు, పైగా వాళ్లకు ఆ జాగ్రత్త వినిపిస్తుంది. తెర వెనుక ఒంటరిగా వాయిస్తున్న మనిషి చుట్టూ మిగతా ఆర్కెస్ట్రా ఉందా లేదా అన్నది తెలిసిపోతుందంటే మీకు అతిశయోక్తి అనిపించవచ్చు. నాలుగు రోజులు కమిటీలో కూర్చుంటే అనుమానం తీరుతుంది.

రిచర్డ్ స్ట్రౌస్ 'డాన్ హువాన్' మొదటి పుట సంగతి ఇంకొకటి. 1889లో వైమార్‌లో తొలిసారి వినిపించిన ఈ రచన ప్రపంచంలో వయొలిన్ ఆడిషన్ల జాబితాలన్నిటిలోనూ దాదాపు ఉంటుంది. అభ్యర్థులు దాన్ని వేగప్రదర్శనగా తీసుకుంటారు. దాన్ని జాబితాలో పెట్టిన వాళ్లు మాత్రం అందులో లయ వింటారు: మూడేసి స్వరాల గుంపు నిజంగా మూడుగా పడుతోందా, పక్కనున్న, చుక్క గుర్తుతో నిడివి పెరిగిన స్వరాలు దానికి భిన్నంగా, పదునుగా పడుతున్నాయా అని. ఈ రెండూ కలగాపులగమైతే ఎంత మెరుపు వేగం ఉన్నా లాభం లేదు. ఇక్కడ మీకు మీ అమ్మమ్మగారి ఇంటి చదువు పనికొస్తుంది. వర్ణమనే రచనను మొదట ఒక కాలంలోనూ (వేగంలోనూ), చేతి తాళం మార్చకుండానే తర్వాత రెండో కాలంలోనూ వాయించడం మీరు చిన్నప్పుడే చేసి ఉంటారు. స్ట్రౌస్ పుటనూ, మెండెల్సన్ స్కెర్జోనూ అదే పద్ధతిలో, కాలు కింద తాళం కదలకుండా సగం వేగంలోనూ, పూర్తి వేగంలోనూ మార్చి మార్చి వాయించండి. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) పెట్టుకుని రోజుకు రెండు గీతలు వేగం పెంచుకుంటూ పోయే పద్ధతి కన్నా ఇదే నడకను లోపల నిలబెడుతుందని నా నమ్మకం. మెట్రోనోమ్ వద్దని అనడం లేదు. అది ఆగిపోయాక కూడా మీలో నడక మిగలాలి అంటున్నాను.

ఇక కమాను వణుకు. ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. మొజార్ట్ కచేరీ రచనల్లో నిదానంగా సాగే వాక్యం, బీతోవెన్ తొమ్మిదో సింఫనీ మూడో భాగంలోని పొడుగాటి గీతం వంటి చోట్ల, కమాను మధ్యభాగంలో, మెల్లని ధ్వనిలో ఇది బయటపడుతుంది. భయంలో శరీరం విడుదల చేసే రసాయనాల వల్ల కుడిచేతి కండరాలు ఒకదానికొకటి ఎదురు బిగుసుకుంటాయి. వణుకు కనపడకూడదని వేళ్లతో కమానును ఇంకా గట్టిగా పట్టుకుంటాం, కర్ర ఆ బిగువును తీగ మీదికి చేరవేస్తుంది. దీనికి మందు ధ్వని తగ్గించడం కాదు. చేతి బరువును వేళ్ల మీద కాకుండా భుజం, మోచేతుల నుంచి తీగ మీదికి వదలాలి, కమాను కొంచెం ఎక్కువ పొడుగు వాడాలి, ఊపిరి బయటికి వదులుతూ మొదలుపెట్టాలి. ఇవి చదివినంత మాత్రాన వచ్చేవి కావు. మీరు ఇంట్లో సాధన చేసేటప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుంటూ ఉంటుంది, వేళ్లు వెచ్చగా ఉంటాయి, గంటన్నర వాయించాక ఆ గీతం అద్భుతంగా పలుకుతుంది. ఆడిషన్‌లో ఈ మూడింటిలో ఏదీ ఉండదు. అందుకని అపార్ట్‌మెంటు మెట్లు రెండు అంతస్తులు వేగంగా ఎక్కి వచ్చి, రొప్పు తగ్గకముందే వయొలిన్ తీసుకుని ఆ బీతోవెన్ వాక్యాన్ని మొదటి సారిగా, ఒకే ఒక్కసారి వాయించి రికార్డు చేయండి. రెండో అవకాశం తీసుకోవద్దు. మొదట్లో ఘోరంగా ఉంటుంది, అయినా రోజూ చేయండి. గుండె దడదడలాడుతున్నప్పుడు కూడా చేతికి ఏం చేయాలో తెలిసి ఉండటమే మనకు కావలసింది. దడ రాకుండా చేసుకోవడం ఎవరివల్లా కాదు, ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసిన వాళ్లవల్ల కూడా.

ఇదే పద్ధతిని పెంచి, తెలిసినవాళ్ల ముందు నమూనా ఆడిషన్లు పెట్టుకోండి. వయొలిన్ వాళ్లనే పిలవవలసిన అవసరం లేదు. ట్రాంబోన్ వాయించే స్నేహితుడు మీ వేళ్ల సంగతి పట్టించుకోడు, నడకనూ శ్రుతినీ మాత్రమే వింటాడు, ఆ అభిప్రాయం చాలా విలువైనది. కమిటీలో కూడా అన్ని వాద్యాల వాళ్లూ కలిసి ఉండవచ్చునని గుర్తుపెట్టుకోండి. ఏ వరుసలో ఏ భాగం అడుగుతారో మీకు ముందు తెలియకుండా, వాళ్లే చీటీలు తీసి చెప్పేలా ఏర్పాటు చేసుకోండి. ఒక భాగం చెడిపోయాక తర్వాతి భాగాన్ని ఎలా మొదలుపెడుతున్నారో ప్రత్యేకంగా గమనించమని చెప్పండి. ఎంసెట్ మనసుకు అతి పెద్ద దెబ్బ అక్కడే తగులుతుంది. మొజార్ట్‌లో ఒక మార్కు పోయింది కాబట్టి ఇక ఆశ లేదనుకుంటూ స్ట్రౌస్ మొదలుపెట్టే మనిషి, అసలు ఎవరూ వేయని మార్కులను తనే వేసుకుంటూ ఉంటాడు. రికార్డింగు విన్నప్పుడు, మీరు వాయిస్తున్నప్పుడు ఎంతో పెద్దదనుకున్న తప్పు చాలాసార్లు వెతికితే గానీ దొరకదు. అసలు మీరు గమనించని చోట నడక జారిపోయి ఉంటుంది. ఈ తేడా నాలుగైదు సార్లు చెవులారా వింటే దేని గురించి ఆందోళన పడాలో దానంతట అదే మారుతుంది.

మధ్యలో కమిటీ మిమ్మల్ని ఆపి "అదే భాగం, ఇంకాస్త మెల్లని ధ్వనితో" అనో, "స్వరాలు ఇంకొంచెం పొట్టిగా" అనో అడిగితే గుండె జారనివ్వకండి. నచ్చని వాళ్లను మళ్లీ వాయించమని అడిగేంత ఓపిక పగలంతా విన్నవాళ్లకు ఉండదు. ఈ మనిషి మన పక్కన కూర్చుంటే చెప్పిన మాట వెంటనే చేతికి తెచ్చుకోగలదా అని చూస్తున్నారన్నమాట. మార్పు వినిపించేలా, కొంచెం ఎక్కువగానే చేసి చూపించండి.

మాత్రల గురించి క్లుప్తంగా చెబుతాను. మీ స్నేహితులు వాడేది బహుశా ప్రొప్రనొలోల్, గుండె వేగాన్ని, చేతి వణుకును తగ్గించే బీటా బ్లాకర్. ఇదేమీ రహస్యం కాదు. 1987లో అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాల సభ్యులను అడిగిన ఒక సర్వేలో సుమారు 27 శాతం మంది దాన్ని వాడినట్టు చెప్పారు. నైతికంగా నాకు అభ్యంతరం లేదు. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదకరం, రక్తపోటు తక్కువగా ఉన్నవాళ్లకూ ఇబ్బందే. స్నేహితురాలి సీసాలోంచి తీసుకోవడం మాత్రం వద్దు. వైద్యుణ్ని కలిసి, ఆయన సరేనంటే ఆడిషన్ కన్నా ముందు ఒక మామూలు రోజున వేసుకుని చూడండి. అది వణుకును తగ్గిస్తుంది, నడకను నిలబెట్టదు. తప్పుల భయాన్ని అలాగే ఉంచుకుని మాత్ర వేసుకుంటే, వణకని చేత్తో అదే బిగుసుకున్న సంగీతం వస్తుంది.

పేరు చూసి పక్కన పెడతారా అన్న అనుమానాన్ని నేను కొట్టిపారేయను. తెర అన్నది ఊరికే వచ్చింది కాదు. బోస్టన్ సింఫనీ 1952లోనే తెర వాడింది, మిగతా వాళ్లలో చాలామంది 1970, 80 దశకాల్లోనే ఆ దారికి వచ్చారు. 1969లో ఆర్ట్ డేవిస్, ఎర్ల్ మాడిసన్ అనే ఇద్దరు నల్లజాతి సంగీతకారులు న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ మీద వివక్ష ఫిర్యాదు చేశారు. మరుసటి సంవత్సరం నగర మానవ హక్కుల కమిషన్ ఇచ్చిన తీర్పులో శాశ్వత ఉద్యోగాల ఆడిషన్ల విషయంలో వివక్ష రుజువు కాలేదు గానీ, తాత్కాలికంగా బయటివాళ్లను పిలిచే పద్ధతిలో మాత్రం ఉందని తేలింది. నేటికీ పట్టించుకోవలసిన సంగతి అదే. తెర ఉన్నంతసేపూ మీ పేరు ఎవరికీ తెలియదు. తెరకు ముందు దరఖాస్తు దశలో తెలుస్తుంది. చాలా ఆర్కెస్ట్రాల్లో చివరి రౌండులో తెర తీసేస్తారు, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరా వంటివి చివరిదాకా ఉంచుతాయి. ఉద్యోగం వచ్చాక ఒకటి రెండేళ్లు పరిశీలన కాలంలో మీరు అందరికీ కనిపిస్తూనే ఉంటారు. ముందే నిర్ణయించుకుంటారన్న మాటలోనూ కొంత నిజం ఉంది. అక్కడే తాత్కాలికంగా పనిచేస్తున్నవాళ్లను కొన్నిచోట్ల మొదటి రౌండు లేకుండా నేరుగా పై రౌండుకు పంపుతారు. అది అన్యాయమని మీకనిపిస్తే మీతో వాదించను. అయితే ప్రయాణానికి డబ్బు పెట్టేముందు ఆ ఆర్కెస్ట్రా నిబంధనలు చదివి, తెర ఎప్పటిదాకా ఉంటుందో, నేరుగా పై రౌండుకు వెళ్లేవాళ్లు ఉన్నారో లేదో నిర్వాహకులను అడిగి తెలుసుకునే హక్కు మీకుంది. వాయించే ఆ ఏడెనిమిది నిమిషాల్లో మాత్రం ఈ ఆలోచన వల్ల మీకు ఒక్క స్వరం కూడా మెరుగుపడదు.

మీరు గమనించవలసిన ఉదాహరణ ఇంకొకటుంది. బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో తెర ఉండదు, ఆర్కెస్ట్రా సభ్యులే హాల్లో కూర్చుని విని ఓటు వేస్తారు. 1982లో క్లారినెట్ వాద్యకారిణి సబీనె మేయర్‌ను అప్పటి సంగీత సారథి కారయన్ పట్టుబట్టి తీసుకున్నారు. సభ్యులు మాత్రం అత్యధిక ఓట్లతో ఆమెను వద్దన్నారు. ఆమె ధ్వని మిగతావాళ్లతో కలవడం లేదని బయటికి చెప్పారు, ఆడవాళ్లను ఇష్టపడని ధోరణి ఉందని అప్పుడే చాలామంది అనుమానించారు. ఆమె వెళ్లిపోయి ప్రపంచంలో పేరెన్నికగన్న క్లారినెట్ సోలోయిస్టులలో ఒకరయ్యారు. ఓటు వేసిన వాళ్లు నిర్ణయించింది ఆ కుర్చీ సంగతి ఒక్కటే. ఆమె సంగీతం మీద తీర్పు ఇచ్చే శక్తి ఆ ఓటుకు లేదు, మీ సంగీతం మీద ఆ పదిమంది పెన్సిళ్లకూ లేదు. మీరు ఒకసారి మొదటి రౌండు దాటారని రాశారు గదా, ఆ ఆర్కెస్ట్రా సిబ్బందికి ఉత్తరం రాసి కమిటీ వ్యాఖ్యలు ఇవ్వగలరేమో అడగండి. కొన్నిచోట్ల ఇస్తారు. ఒకరు "వేగం ఎక్కువ" అనీ, ఇంకొకరు అదే భాగానికి "వేగం చాలదు" అనీ రాసి ఉంటే నవ్వుకోండి. ముగ్గురు ఒకే మాట రాసి ఉంటే మాత్రం రేపటి సాధన అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఎన్నాళ్లు అన్న ప్రశ్నకు నేను సంవత్సరాల్లో జవాబు చెప్పను, డబ్బులో చెబుతాను. ఆడిషన్‌కు విమానం టిక్కెట్టు, హోటలు మీ ఖర్చే. ఏడాదికి ఇంతకు మించి పెట్టనని ఒక మొత్తం అనుకుని, ఆ మొత్తంలో వచ్చేవాటినే ఎంచుకుని, వాటికి పూర్తిగా సిద్ధపడి వెళ్లండి. కనిపించిన ప్రతి ప్రకటనకూ సగం సాధనతో పరిగెత్తడం వల్ల ఓడిపోయే అలవాటు తప్ప మరేదీ పెరగదు. మిగతా కాలంలో పాఠాలు చెప్పండి, నలుగురైదుగురితో కలిసి చిన్న బృందంలో వాయించండి, కారులో వెళ్లగల దూరంలోని ప్రాంతీయ ఆర్కెస్ట్రాల ఆడిషన్లు ఇవ్వండి. ఒహాయోలోనూ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ అవి చాలా ఉన్నాయి. వాటిలో జీతం కచేరీల లెక్కన వస్తుంది, దాంతో మాత్రమే ఇల్లు గడవదు. కానీ వరుసలో పదిమందితో కలిసి మెండెల్సన్ నిజంగా వాయిస్తే, ఆ ఊదే వాద్యాలను తెర వెనుక నిలబడి ఊహించుకోవలసిన పని ఉండదు, చెవిలో ఉండనే ఉంటాయి. పెద్ద ఆర్కెస్ట్రాలో చివరి రౌండుదాకా వెళ్లి ఓడిపోయిన వాళ్లను ఎవరైనా సెలవు పెట్టినప్పుడు వాయించడానికి పిలవడం కూడా ఉంది, కాబట్టి అలాంటి రౌండు చేరిన మరునాడే ఆ జాబితాలో పేరు చేర్చమని సిబ్బందికి రాయడం మరచిపోకండి.